కారు అరుస్తాండాది మామా

మా కారు స్టార్టయిందంటే మా వీధిలో అందరికీ టైము తెలిసిపోయేది. ఎదురింటి ఆవిడ ఆ అరుపు వినే పిల్లల్ని స్నానానికి తోలేది. వీధి మొదట్లో టీ అంగడి ఆయన నన్ను చూసినప్పుడల్లా, "టీచరమ్మా, మీ కారు కోడికంటే ముందే కూస్తాండాదే" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. కార్లో కూర్చున్నాక మాత్రం పళ్లు కొరుక్కునేదాన్ని.

కీచుమనే అరుపు అది. పొద్దున చల్లటి ఇంజను తిరగడం మొదలుపెట్టగానే బానెట్ కింద పుట్టి, పలక మీద కొత్త బలపం గీసినట్టు చెవుల్లోంచి పళ్లలోకి దిగేది. ఏసీ వేస్తే ఇంకాస్త హెచ్చేది. వాన పడిన పొద్దున అయితే ప్రొద్దుటూరు దాటేదాకా వదిలేది కాదు. అరిచేది ఇంజను ముందుండే బెల్టు. ఆ ఒక్క బెల్టే బ్యాటరీకి చార్జింగు ఇచ్చే డైనమోను, స్టీరింగును తేలిక చేసే పంపును, ఇంజనుకు నీళ్లు తోసే పంపును, ఏసీని తిప్పుతుందట. అది వదులు కాకుండా పక్కనుంచి ఒక చిన్న చక్రం స్ప్రింగు బలంతో నొక్కి పట్టుకుని ఉంటుంది. దాన్ని టెన్షనర్ అంటారు. దాని పట్టు సడలితే బెల్టు జారుతుంది, జారితే అరుస్తుంది. ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసింది ఒక్కటే, కారు అరుస్తోంది, మా ఆయన పట్టించుకోవడం లేదు.

"మామా, కారు అరుస్తాండాది" అనేదాన్ని. ఆయన మా అమ్మకు వరసకు తమ్ముడు. పెళ్లికి ముందు నుంచీ అలవాటైన పిలుపు, పెళ్లయినాక మార్చుకోలేదు.

"యాడ?" అనేవాడు ఆయన.

"యాడేంది? చెవుల్లో దూది పెట్టుకున్నావా? వీధంతా ఇంటాంటే!"

ఆయన నిదానంగా దిగి, ముందుకు పోయి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడేవాడు. తర్వాత వచ్చి కూర్చుని సీటు బెల్టు పెట్టుకుని, "ఇంజను బాగుండాది మే. నీకు ఊరికే అనుమానం" అనేవాడు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్లు మండేది. నాకు మొదటినుంచీ కుదురు తక్కువ. బస్టాండులో బెంచీ మీద కూడా కూర్చోలేను, కాలు కాలిన పిల్లిలాగా తిరుగుతూ ఉంటాను. అటువంటిదాన్ని పొద్దునా సాయంత్రం ఆ కీచు పక్కన కట్టేసినట్టు కూర్చోవాల్సి వచ్చింది.

చెయ్యి ఆనించి చూసే అలవాటు ఆయనకు మిల్లు నుంచి వచ్చింది. మాకు ప్రొద్దుటూరులో పిండి, కారం మిషను ఉండేది. రేకుల కొట్టు, లోపల పెద్ద మోటరు, దాన్నుంచి మిషనుకు వెడల్పాటి పట్టా బెల్టు. అది తిరుగుతుంటే పక్కన ఉరుము పడినా తెలియదు. ఆయన మిషను ఇనుప కాలు మీద చెయ్యి పెట్టి, రాయి అరిగిందో, బెల్టు జారుతోందో చెప్పేవాడు. మనుషులతో మాటలన్నీ చేతులతోనే. బొటనవేలితో చూపుడువేలు రాస్తే మెత్తగా పట్టమని. పిడికిలి చూపిస్తే రవ్వగా. ముక్కు మీద వేలు పెడితే ముందు మిరపకాయలు పట్టారు, కాసేపు ఆగమని. రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా కోసినట్టు ఊపితే, బెల్టు పోయింది, మోటరు ఆపు అని. చాపాడు, రాజుపాలెం నుంచి గోతాలు తెచ్చే రైతులకు కూడా ఈ సైగలు వచ్చు. పెళ్లయిన కొత్తలో సెలవు రోజుల్లో నేను పోయి కాటా దగ్గర కూర్చునేదాన్ని. మేము ఒకరినొకరు బాగా అర్థం చేసుకున్నది ఆ రేకుల కిందే అనిపిస్తుంది ఇప్పుడు తలచుకుంటే.

పిండి ప్యాకెట్లలో వచ్చింది, కారం ప్యాకెట్లలో వచ్చింది. గోతాలు తగ్గి చిన్న సంచులయ్యాయి, తర్వాత అవి కూడా రావడం మానేశాయి. ఒక రోజు ఆయన మోటరు ఆపి, రేకు తలుపు దించి ఇంటికొచ్చాడు. మళ్లీ తెరవలేదు. తర్వాత ఆయనకు మిగిలిన పని ఒక్కటే. నన్ను జమ్మలమడుగులో బడికి దింపడం, సాయంత్రం తీసుకురావడం. దానికోసం ఇస్త్రీ చొక్కా తొడిగేవాడు. కారు అద్దాలు తుడిచేవాడు. నన్ను దింపి అక్కడే తెలిసినవాళ్ల విత్తనాల అంగట్లో పేపరు చదువుకుంటూ కూర్చుని, బడి వదిలే వేళకు గేటు ముందు నిలబడేవాడు. ఎవరైనా ఏం చేస్తాండావప్పా అంటే, "టీచరమ్మను తోలుకొని పోతాండా" అని గొప్పగా చెప్పేవాడు.

మా బళ్లోనే పనిచేసే లెక్కల టీచరు ప్రొద్దుటూరు నుంచే వస్తుంది. కొత్త కారు కొన్నది. "అక్కా, మా కార్లో ఒక సీటు ఖాళీగానే ఉండాది. పెద్దాయన్ను ఎందుకు తిప్పుతావు? ఆ పాత బండి అమ్మేస్తే పోలే?" అని వారానికోసారి అడిగేది. నేను చూద్దాంలే అనేదాన్ని. నిజం చెప్పాలంటే నాకూ ఆశగానే ఉండేది. అద్దాలు మూసుకుని, చల్లగా, చప్పుడు లేకుండా పోవచ్చు. కానీ మా కారు పోతే ఆయనకు పొద్దున లేచి చొక్కా తొడుక్కునే కారణం ఉండదు. ఆ మాట నాకు తెలుసు కాబట్టే ఊరుకున్నాను. ఊరుకోవాల్సి వచ్చినందుకు ఆయన మీదే విసుక్కున్నాను.

పోరగా పోరగా ఒకసారి మైదుకూరు రోడ్డులో మాకు తెలిసిన మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకుపోయాడు. భాయ్ పాత బెల్టు తీసి కొత్తది వేశాడు. కొన్ని వారాలు హాయిగా ఉంది. టీ అంగడి ఆయన, "ఏం టీచరమ్మా, లీవు పెట్టినావా, కారు ఇనపడలే" అన్నాడు కూడా. తర్వాత ఒక మంచు పొద్దున మళ్లీ మొదలైంది, ఈసారి కింద సన్నగా గరగరమనే చప్పుడుతో కలిపి.

నేను మళ్లీ చెప్పడం, ఆయన మళ్లీ చెయ్యి ఆనించడం. నాకు పిచ్చెక్కిపోయింది. అప్పటికే ఇంట్లో కూడా ఆయన తీరు నాకు నచ్చడం లేదు. వంటింట్లోంచి ఏదైనా అడిగితే పలికేవాడు కాదు. గట్టిగా అడిగితే, "సరేలే" అనేవాడు. ఏం సరేనో ఆయనకే తెలియాలి. కొత్తిమీర తెమ్మంటే సరేలే, మన గోడ పక్కింటి వాళ్లు పగలగొట్టినారంటే సరేలే. ఆదివారం చర్చిలో పాట అందరూ రెండో చరణంలోకి పోయినా ఈయన గొంతెత్తి పల్లవి దగ్గరే ఉండేవాడు. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి నవ్వేవాళ్లు. మిల్లు పోయిన దిగులు ఇట్లా నా మీద పంతంగా మారిందని నేను లెక్కేసుకున్నాను. నాతో మాట్లాడటం ఇష్టం లేదని కూడా అనుకున్నాను. ఆ అనుకోవడం చాలా బాధగా ఉండేది. బాధను నేను ఎప్పుడూ కోపంగానే బయట పెడతాను.

ఒక శనివారం ఆయన ఎదురుగా నిలబడి, చీపురు చేత్తో పట్టుకుని, గట్టిగా చెప్పేశాను. "ఈ కారు అరుపు ఆగకపోతే సోమవారం నుంచి నేను లెక్కల టీచరుతో పోతా. నువ్వు నిమ్మళంగా ఇంట్లో ఉండు."

ఆ మాట ఆయనకు బాగా వినపడింది. ముఖం చిన్నబోయింది. మధ్యాహ్నం మిల్లు సామాను పెట్టె తెరిచి, అడుగున పాత గుడ్డలో చుట్టి పెట్టిన జిగురు మైనం ముద్ద తీశాడు. మిల్లు బెల్టు జారితే రాసేవాడు దాన్ని. రాస్తే పట్టా బెల్టు కప్పీ చక్రాన్ని కరిచిపట్టుకుని తిరిగేది. ప్రొద్దుటూరులో ఏ మిల్లువాడిని అడిగినా అదే మందు చెబుతాడు. ఆయన బానెట్ ఎత్తి, కొత్త బెల్టు చుట్టూ ఆ మైనం ఓపిగ్గా పట్టించాడు. బెల్టుకు లోపలివైపు సన్నటి గాడులుంటాయి. ఆ గాడులన్నీ నిండేలా వేలితో అద్దాడు. చేతులు కడుక్కొచ్చి స్టార్ట్ చేశాడు.

అరుపు లేదు. నిజంగానే లేదు.

"ఆగిందా?" అని నన్ను అడిగాడు.

"ఆగింది మామా!" అన్నాను. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ సాయంత్రం ఉగ్గాని చేసి బజ్జీలు వేశాను. ఆయన తిని, వేళ్లు నాకుతూ, "మా మిల్లు మందు ముందర మీ భాయ్ ఎంతమే" అన్నాడు. కారు తోలేవాడు ఆయన, ఆగిందా అని నన్నెందుకు అడిగాడో ఆ పూట నాకు తట్టలేదు.

ఆ వారమంతా జమ్మలమడుగు దారి నాకు ఇష్టంగా గడిచింది. అద్దం దించి కూర్చుని పత్తి చేలు చూసుకుంటూ పోయాను. లెక్కల టీచరుతో, మా కారు బాగైందమ్మా, నీ సీటు ఇంకెవరికన్నా ఇచ్చుకో అన్నాను. కొంచెం టెక్కుగానే అన్నాను.

వారం చివర మా చెల్లెలు పులివెందులలో కట్టుకున్న కొత్తింట్లో ప్రార్థన పెట్టుకుంది. బడి ఒంటిపూటే. జమ్మలమడుగు నుంచే నేరుగా ముద్దనూరు మీదుగా బయలుదేరాం. వెనక సీట్లో చెల్లెలికి కొన్న గోడ గడియారం, పూలదండలు. ఏసీ వేసుకున్నాం, ఎండ అట్లా ఉంది. ముద్దనూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు దాటేదాకా బాగానే ఉంది. అప్పుడు ఏదో కాలిన వాసన మొదలైంది. చెత్త కాలినట్టు కాదు, మిల్లులో బెల్టు వేడెక్కినప్పుడు వచ్చే వాసన.

"మామా, వాసన వస్తాంది."

"రోడ్డు మీద యాడో చెత్త కాలుస్తాంటారులే."

కొండ ఎక్కుడు మొదలైంది. ఒకవైపు బండరాళ్లు, ఒకవైపు పల్లం. ఇంజను బరువుగా గుంజుతోంది. అప్పుడు మళ్లీ వచ్చింది అరుపు. పాత అరుపు దీని ముందు నయం. గొంతు పట్టుకుని పిసికినట్టు ఒక్కసారిగా లేచి, గరగరలాడి, ధభీమని ఏదో బానెట్‌కు లోపల్నుంచి కొట్టుకుంది. ఆ వెంటనే చప్పుడు ఆగిపోయింది. ఎదురుగా మీటర్లలో ఎర్ర లైట్లు వెలిగాయి.

"ఆపు మామా! ఆపు!" అని అరిచాను.

"ఇంగ శానా దూరం లేదులే" అన్నాడు ఆయన, రోడ్డు మీంచి కళ్లు తీయకుండా.

నేను ఏమంటున్నాను, ఆయన ఏమంటున్నాడు! స్టీరింగు బిగుసుకుపోయింది. మలుపులో ఆయన దాన్ని రెండు చేతులా గుంజుతున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి. "ఏందిరా ఇది" అని తనలో తనే గొణుక్కుంటున్నాడు. వెనక నుంచి ఒక లారీ సన్నగా కీచుమనే హారను కొడుతోంది. ఆపకుండా కొడుతోంది. మేము రోడ్డు మధ్యకు వచ్చేశాం. నేను, లారీ మామా, పక్కకు, పక్కకు అని అరుస్తున్నాను. నా గొంతు సన్నం, అరిస్తే ఇంకా సన్నమవుతుంది. ఆయన నా వైపు తిరగడం లేదు, అద్దంలోకి చూడటం లేదు, ఆ హారను ఈ లోకంలో లేనట్టే ఉన్నాడు.

ఎందుకు చేశానో తెలియదు. రెండు చేతులూ ఆయన కళ్ల ముందుకు చాపి, అరచేతులు అడ్డంగా కోసినట్టు ఊపాను. బెల్టు పోయింది, మోటరు ఆపు.

ఆ క్షణమే కారు ఎడమకు తిరిగింది. ఆయన ఒళ్లంతా బరువు వేసి స్టీరింగు తిప్పి, కంకర మీదికి దించి, ఇంజను ఆపేశాడు. లారీ మమ్మల్ని ఒరుసుకున్నట్టు పోయింది. క్లీనరు తల బయటపెట్టి ఏదో బూతు తిట్టాడు. వెనక సీట్లో గడియారం కింద పడింది.

ఆయన నా వైపు తిరిగి, నొచ్చుకున్నట్టు, "బెల్టు పోయిందా మే? ముందే చెప్పకూడదా?" అన్నాడు.

ఇంకో రోజైతే ఆ మాటకు నేను కారు పైకప్పు ఎగిరేలా అరిచి ఉండేదాన్ని. నా కేకకు ఆగని మనిషి నా చేతులకు ఆగాడు. అది లోపల గుచ్చుకుని కదలనంటోంది.

పులివెందులలో చెల్లెలి భర్త, మా మరిదికి ఫోన్ చేశాను. బండి పంపుతున్నానన్నాడు. ఆయన బానెట్ ఎత్తి, అటువైపు కొండను చూస్తూ నిలబడ్డాడు. లోపల బెల్టు పీలికలు పీలికలుగా వేలాడుతోంది. నేను ఆయన వెనక కొంచెం దూరంలో నిలబడి, "మామా" అని పిలిచాను. మామూలుగా, ఇంట్లో పిలిచినట్టు. తిరగలేదు. ఇంకో అడుగు ముందుకేసి మళ్లీ పిలిచాను. తిరగలేదు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మూడోసారి పిలవడానికి నాకు భయమేసింది. పిలిస్తే తిరగడని తెలిసిపోతుంది కదా అని. ఇన్నాళ్లూ వంటింట్లోంచి నేను పడేసిన మాటలన్నీ, ఆ సరేలేలు అన్నీ, ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ కంకర మీద అటూ ఇటూ నడిచాను. ఒక చోట నిలబడలేకపోయాను.

ప్రార్థనకు ఆలస్యంగా చేరాం. ఆయన నా పక్కన కూర్చుని, ఒక చరణం వెనకగా, మనసారా పాడాడు. ఈసారి నేను మోచేత్తో పొడవలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. మా మరిది మొదటి మాటే, "ఇంగ కారు తోలనియ్యద్దక్కా" అంటాడు. తప్పు మాట కాదు. ఆ లారీ హారను గుర్తొస్తే నాకే అట్లా అనిపించింది. కానీ ఆ మాట అన్న రోజున ఈయన ఏమైపోతాడు?

కారును లాక్కుని ప్రొద్దుటూరు తెచ్చారు. భాయ్ షెడ్డు ముందు స్టూలు మీద నేను, బానెట్ పక్కన ఆయన. భాయ్ బెల్టు ముక్క బయటికి గుంజి, వేళ్లకు అంటిన జిగురు చూసి ముఖం అదోలా పెట్టాడు.

"ఎవురు మామా దీనికి మైనం పూసింది?"

"నేనే" అన్నాడు ఆయన, ఇంకా కొంచెం గర్వంగానే.

భాయ్ పడీపడీ నవ్వాడు. "ఇది మిషను పట్టా అనుకుంటివా? గాడులన్నీ పూడిపోయి, దుమ్మంతా తిని, రాయైపోయినాది సూడు." తర్వాత లోపల చెయ్యి పెట్టి ఆ చిన్న చక్రాన్ని తిప్పాడు. అది తిరగనని మొండికేసింది. స్ప్రింగు చేతిని నొక్కితే మెత్తగా వాలిపోయింది. భాయ్ నవ్వు తగ్గింది. "దీంది గూడా తప్పుండాదిలే. అసలు పట్టు పోయింది ఈ టెన్షనర్‌కు. పోయినసారి బెల్టొకటే మార్చినా, దీన్ని సరిగ్గా సూసుకోలే నేను. రెండూ మార్చాల" అన్నాడు. తలెత్తి, మామూలుగా అడిగాడు. "అయినా ఇంత అరుస్తాంటే ఎట్ల తోలినావు మామా ఇన్ని దినాలు?"

"యాడ అరిసింది?" అన్నాడు ఆయన. "ఈమె అంటాంటాది గానీ."

భాయ్ నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఆయన భాయ్ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. మిల్లులో జనం ముఖాలు చూసి మాట తెలుసుకున్న మనిషి. ఆయనకు ఇంకెవరూ చెప్పనక్కర లేకపోయింది. చేతిలో గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ, చాలాసేపు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఇంటికి ఆటోలో పోలేదు, నడిచాం. గాంధీ రోడ్డు రద్దీలో ఆయన నా ఎడమ పక్కన. బంగారు అంగళ్ల ముందు జనం. ఎప్పుడూ నేను ముందు, ఆయన వెనక నడుస్తాం. ఆ రోజు నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఒక సందు మలుపులో ఆగి అడిగాడు.

"నిజంగా అంత అరిసిందా?"

తల ఊపాను.

"మిల్లు ఆపినాక ఊరంతా నిమ్మళమైపోయిందనుకుంటి మే" అన్నాడు. "రోంత నిమ్మళం దొరికిందిలే ఈ వయసులో అనుకుంటి."

నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద, సంచి చేత పట్టుకుని, ఏడ్చేశాను. ఆయన కంగారుపడి నా భుజం తట్టి, "ఏమైంది మే, గమ్మునుండు, జనం సూస్తాండారు" అన్నాడు, తన గొంతు ఎంత పెద్దగా ఉందో తెలియక. అప్పటిదాకా చూడనివాళ్లు కూడా అప్పుడు చూశారు.

కారు బాగై వచ్చింది. ఆయన తాళం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి, "నువ్వు ఆ టీచరమ్మతో పో" అన్నాడు. నేను బతిమాలితే తల అడ్డంగా ఊపాడు. "ఆ లారీ నాకు ఇనపల్లే మే. నువ్వు పక్కనుంటివి."

లెక్కల టీచరు కార్లో పోయాను. అద్దాలు మూసి, చల్లగా, చప్పుడు లేదు. నేను కోరుకున్నదే. వెనక సీట్లో అటు జరిగి ఇటు జరిగి, బ్యాగు జిప్పు తీసి వేసి, తీసి వేసి, ఆ అమ్మాయికే విసుగు పుట్టించాను. సాయంత్రం ఇంటికొస్తే ఆయన బనీనుతో గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఇస్త్రీ చొక్కాలు తీగ మీదే. టీ అంగడి ఆయన, "పెద్దాయనకు ఒంట్లో బాలేదా" అని అడిగాడు. ఒక పొద్దున నేను బయలుదేరుతుంటే ఆయన కారు దగ్గర నిలబడి, ఆగి ఉన్న ఇంజను మీద, బానెట్ మీద, అరచెయ్యి ఆనించి ఉన్నాడు. అది చూసి ఆ రోజే నేను బడికి సెలవు పెట్టాను.

"పా మామా" అని చేతితో చూపించాను. ఎక్కడికి అని అడగలేదు. ప్రొద్దుటూరులోనే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగి, చేతికి ఒక బటను ఇచ్చారు. చప్పుడు వినపడితే నొక్కాలి. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. మొదట్లో టకటకా నొక్కాడు. తర్వాత నెమ్మదించాడు. తర్వాత ఆయన వేలు బటను మీద ఎదురుచూస్తూ ఉండిపోయింది. నొక్కడానికి ఏమీ రావడం లేదని నాకు అర్థమవుతోంది, ఆయనకు ఇంకా రావాల్సి ఉందని ఆశ. ఆ వేలిని చూడలేక నేను వరండాలో నడిచాను.

లావు శబ్దాలు పరవాలేదని, సన్న శబ్దాలు చాలామటుకు పోయాయని డాక్టరు చెప్పారు. పెద్ద చప్పుడు దగ్గర ఏళ్లతరబడి పనిచేసినవాళ్లకు ఇట్లాగే జరుగుతుందట. ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు ముందు జారిపోతాయట. చెవుల వెనక పెట్టుకునే మిషన్లు రాశారు. అవి పెట్టుకుని, అలవాటు పడి, మళ్లీ పరీక్షకు వస్తే కారు సంగతి చూద్దామన్నారు. మొదట్లో ఆయనకు అవి అసలు పడలేదు. చెవిలో జోరీగ దూరినట్టుందని తీసి గూట్లో పెట్టేవాడు. గిన్నెల చప్పుడుకు ఉలిక్కిపడేవాడు. "ఇంత రచ్చలో ఎట్ల బతుకుతాండారే మీరంతా" అని విసుక్కునేవాడు. నేను వెంటపడి తొడిగేదాన్ని. వెంటపడటం నాకు బాగా వచ్చిన పని.

రెండో పరీక్ష అయినాక, తోలచ్చు, జాగ్రత్తగా అన్నారు.

ఆ సోమవారం ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగాడు. అద్దాలు తుడిచాడు. పక్క అద్దాలు రెండూ సరిచేసి, రెండుసార్లు చూసుకున్నాడు. నేను కూర్చున్నాను. కడుపులో ఆ లారీ ఇంకా ఉంది, లేదని అబద్ధం చెప్పను. ఆయన స్టార్ట్ చేశాడు. కొత్త టెన్షనర్, కొత్త బెల్టు. ఇంజను తప్ప ఏ చప్పుడూ లేదు. కుడివైపుకు తిరగాలని ఇండికేటరు వేసి, ఠక్కున ఆగిపోయాడు.

"ఏందిది? టిక్కు టిక్కుమంటాండాది?"

"ఇండికేటరు మామా. ఎప్పుడూ అంటాది."

ఆయన దాన్ని ఆపి, మళ్లీ వేసి, ఆపి, మళ్లీ వేసి విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు. "బెల్టు ఎట్ల అరిసేది? ఇప్పుడిది అరవదు గదా. నేను ఇంగ ఎప్పటికీ ఇనలేను. నువ్వు జెప్పు."

"ఏం జెప్పాల?"

"అరిసి సూపించు."

నేను ఇటూ అటూ చూశాను. ఎదురింటి ఆవిడ గుమ్మంలో ఉంది. టీ అంగడి దగ్గర నలుగురు ఉన్నారు. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషిని. సరే, పోతే పోనీ అని, అద్దం మూయకుండానే, నా సన్న గొంతును ఇంకా సన్నం చేసి, పళ్లు జిల్లుమనేలా, ఆ కీచును మొదలు నుంచి చివరిదాకా అరిచి చూపించాను. అంగడి దగ్గరివాళ్లు తలలు తిప్పారు. ఎదురింటి ఆవిడ అలవాటుగా లోపలికి తిరిగి పిల్లల్ని కేకేసింది.

ఆయన నవ్వలేదు. చెవి నా వైపు ఒగ్గి, చివరిదాకా విని, కాసేపు స్టీరింగు వైపు చూశాడు.

"ఇంత అరుస్తాంటే, ఇన్ని దినాలు నా పక్కన ఎట్ల కూర్చున్నావు మే?"

నేను బ్యాగు ఒళ్లోకి లాక్కుని, "బడికి టైమైతాండాది, పోనీ మామా" అన్నాను, మామూలు గొంతుతోనే. ఆయన పోనిచ్చాడు.